మార్కు మిషను, రిబ్కా తెర

ఇల్లందు గనుల కాలనీలో రెండు గుంజల మధ్య తెల్లగుడ్డ కనబడితే చాలు, మార్కు వచ్చాడని పిల్లలు కేకలు పెట్టేవాళ్లు. ఆ గుడ్డ కుట్టిన మనిషి మాత్రం ఎవరికీ గుర్తొచ్చేది కాదు. ఆమె మార్కు భార్య రిబ్కా.

మార్కు బొగ్గు కంపెనీ సంక్షేమ విభాగంలో సినిమా ఆపరేటరు. అరవై రెండులో చేరాడు. ఆకుపచ్చ రేకు పెట్టెలో పదహారు ఎమ్మెమ్ ప్రొజెక్టరు, జీపుకు తగిలించిన చిన్న బండి మీద జనరేటరు. వాటితో కార్మికుల కాలనీలు, తండాలు, గూడేలు తిరిగేవాడు. దోమల గురించి ఒక రీలు, గని భద్రత గురించి ఒక రీలు, జనం లేచి పోకుండా చివర్లో ఒక పాత సినిమా. చండ్రుగొండ వైపు పోయాడంటే రెండు మూడు రోజులకు గానీ ఇల్లు చేరేవాడు కాదు.

వచ్చేటప్పుడు తెరను మూటగట్టి తెచ్చేవాడు. ఎర్రదుమ్ము, పురుగుల మరకలు, ఒక్కోసారి గాలికి చిరిగిన మూలలు. రిబ్కా దాన్ని చాకలి సోడా వేసి ఉడకబెట్టి, చివరి నీళ్లలో చిటికెడు నీలిమందు కలిపి ఆరేసేది. గంజి పెట్టేది కాదు. పెడితే మడతలు గీతల్లా నిలిచి, బొమ్మల మొహాలు విరిగినట్టు కనబడతాయని ఆమెకు తొలి ఏడాదే తెలిసింది. రెండు పన్నాల గుడ్డను అతుకు కనబడకుండా కలిపి, చుట్టూ నల్లంచు వేసి, మూలలకు తాళ్లు కుట్టేది. ఇరవై ఎనిమిదేళ్లలో అట్లాంటివి ఆరు కుట్టింది.

సొంత కాలనీలో ఆట ఉన్న రోజు తను కూడా చాప తీసుకుని వెళ్లేది. తెర ముందు మగవాళ్లు, వాళ్ల బీడీ పొగ, సందడి. ఆడవాళ్లంతా తెర వెనక కూర్చునేవాళ్లు. అట్లా కూర్చోమని ఎవరూ చెప్పలేదు, మొదటినుంచీ అంతే. గుడ్డలోంచి బొమ్మ ఇవతలికీ పడేది, కాకపోతే కొంచెం మసకగా. పేర్లు అద్దంలోలా తిరగబడి కనిపించేవి. రిబ్కా మిషనరీ బడిలో మూడో తరగతి దాకా చదువుకుంది కాబట్టి అక్షరాలు తిరగబడతాయని ఆమెకు తెలుసు. మనుషులు కూడా తిరగబడతారని మాత్రం ఎన్నడూ తట్టలేదు. ఆమె పక్కన ఎప్పుడూ హేమ్లి కూర్చునేది. దగ్గరి తండా మనిషి, కాలనీకి కట్టెలమోపులు తెచ్చి అమ్మేది. ఆమెకు అక్షరాలే రావు. ఎటుపక్క కూర్చున్నా ఒకటే.

డెబ్బై నాలుగులో కంపెనీ తన సొంత భద్రతా సినిమా తీయించింది. గని లోపల తీయడానికి వీల్లేక, పైన షెడ్డులో దుంగలతో ఉత్తుత్తి సొరంగం కట్టారు. అందులో నటించడానికి రిబ్కా తండ్రి స్తెఫనును ఎంచుకున్నారు. ముప్పై ఏళ్లు బొగ్గు కొట్టిన మనిషి. ఎడమ కనుబొమ్మ మీద బొగ్గురాయి తగిలి పడిన నీలిమచ్చ. పెద్ద దీపం తలకు పెట్టుకుని, ఇనపకడ్డీతో పైకప్పు తట్టి, శబ్దం విని, బాగుందని చెయ్యి ఊపాలి. ఆయనది ఎడమచేతి వాటం. తినడం ఒక్కటే తల్లి కొట్టి కుడిచేతికి మార్పించింది, మిగతా పనులన్నీ ఎడమచేతనే. చిన్నప్పుడు రిబ్కాకు తల దువ్వింది కూడా ఆ చెయ్యే. సినిమావాళ్లు కుడిచేత్తో కడ్డీ పట్టుకోమన్నారట. రెండుసార్లు జారి పడేసరికి నీ ఇష్టం వచ్చినట్టు కానివ్వమన్నారట. ఆ ముచ్చట ఆయన ఏడాది పాటు చెప్పుకుని నవ్వాడు.

డెబ్బై తొమ్మిదిలో దమ్ము జబ్బుతో పోయాడు. ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు. ఆ తర్వాత భద్రతా వారోత్సవాలు వచ్చినప్పుడల్లా రిబ్కా పనులన్నీ ముందే ముగించుకుని తెర వెనక చోటు పట్టుకునేది. నిమిషమున్నర సేపు తండ్రి కనబడేవాడు. కనబడ్డాడన్న తృప్తి మాత్రం ఉండేది కాదు. టోపీ ఆయనదే, నడక ఆయనదే, కానీ మొహంలో ఏదో పరాయితనం. సినిమాకెక్కితే మనిషి మారతాడేమోననుకుంది. ఎంతో కష్టపడి చూపిస్తున్న మొగుడితో ఈ మాట ఎట్లా అనడమని ఊరుకుంది.

తొంభైలో మార్కు రిటైరయ్యాడు. అప్పటికే విభాగానికి వీడియో బండి వచ్చింది, పాత మిషను పనికిరాని సామాన్ల లెక్కలోకి పోయింది. సంక్షేమ అధికారి వెంకటనారాయణ మధిర వైపు రైతుల బిడ్డ, మార్కు కంటే పాతికేళ్లు చిన్నవాడు. ఒకరోజు పిలిచి కుర్చీ వేయించాడు.

“మార్కన్నా, మనవాళ్లంతా కలిసి నీకో బహుమానం ఇద్దామనుకున్నారు. పెద్ద కలర్ టీవీ, ఇరవై అంగుళాలది. అయితే నీ మిషను ఎట్లాగూ వేలానికి పోతుంది. నీకు అదే కావాలంటే పెద్దసారుతో మాట్లాడి పాత రీళ్లతో సహా ఇప్పిస్తాను. రెండిట్లో ఏదో చెప్పు.”

మార్కుకు మిషను అనే మాట గొంతు దాకా వచ్చింది. “ఇంట్ల అడిగి చెప్తా సారూ,” అని లేచాడు.

ఇంట్లో అడగడానికేముంది? రిబ్కా అంతకు ముందే ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో ఉన్న కూతురు ఎస్తేరు ఇంట్లో టీవీ చూసి వచ్చింది. వార్తలు చదివే ఆవిడ చీర అంచు కూడా స్పష్టంగా కనిపించింది. కుర్చీలో కూర్చుని చూడటం, అక్షరాలు సరిగా ఉండటం, ఎవరి తలా అడ్డం రాకపోవడం ఆమెకు తెగ నచ్చాయి.

“టీవీ అని చెప్పు. అడుగుడేంది ఇండ్ల?” అంది.

మార్కు చెంబులో నీళ్లు తాగి అరుగు మీద కూర్చున్నాడు. రెండు రోజులు ఆఫీసులో జవాబు చెప్పకుండా దాటేశాడు. మూడో రోజు రిబ్కాకు విసుగొచ్చింది.

“ఆ మిషను తెస్తే ఎక్కడ పెడుదామయ్యా? అండ్ల ఏం ఏసి చూస్తం? దోమల బొమ్మలా?”

“సేఫ్టీ రీలున్నది. మీ నాయన ఉన్నడు అండ్ల,” అన్నాడు మార్కు. అది తన చివరి ఆయుధం.

“ఉంటే ఉండనీ. అండ్లున్నది మా నాయన లెక్క ఉండడు.”

మార్కు తలెత్తి చూశాడు. “లెక్క ఉండుడేంది? ఆయననే గదా తీసింది!”

“ఏమో. నాకెప్పుడూ గట్ల అనిపియ్యలే. నువ్వు కష్టపడతవని చెప్పలే గంతే.”

ఆ మాట మార్కుకు ముల్లులా గుచ్చుకుంది. ఆదివారం చర్చి అయ్యాక, వెంకటనారాయణ దగ్గర అనుమతి తీసుకుని, మిషనునూ ఆ ఒక్క రీలునూ ఇంటికి మోసుకొచ్చాడు. మధ్యాహ్నం పూటే కిటికీలకు గోనెసంచులు కట్టి చీకటి చేశాడు. గోడ మీద రిబ్కా కుట్టిన తెరను మడిచి మేకులకు తగిలించాడు. రిబ్కా చాప పట్టుకుని అలవాటుగా తెర వైపు నడిచి ఆగిపోయింది. వెనక గోడే ఉంది. తిరిగొచ్చి మిషను ముందు కూర్చుంది.

రీలు తిరిగింది. షిఫ్టుకు పోయే కార్మికుల వరుస, ఆ తర్వాత దీపాల గది, ఆ తర్వాత స్తెఫను. కడ్డీ ఎత్తి కప్పు తట్టాడు. చెవి ఒగ్గి విన్నాడు. ఇటు తిరిగి చెయ్యి ఊపాడు.

“ఎడమ చెయ్యి,” అంది రిబ్కా. “ఎడమ చేతనే పట్టిండయ్యా!”

“ఆయనది ఎడమ చెయ్యేగా?”

“ఇన్నేండ్లూ నాకు కుడి చెయ్యే కనబడ్డది. మచ్చ గిటు పక్క కనబడ్డది. మల్లొకసారి ఎయ్యి.”

మార్కు రీలు వెనక్కి చుట్టాడు. మళ్లీ వేశాడు. మూడోసారి వేసేటప్పటికి రిబ్కా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది, చూడటం మాత్రం ఆపలేదు. ఈయన మా నాయనే, ఇదుగో ఈ చెయ్యే, అని తనలో తను అనుకుంటోంది.

మార్కు మిషను ఆపి ఆమె పక్కన చతికిలబడ్డాడు. “ఎన్నో ఊర్లల్ల తెర కట్టిన. ఎనక కూసున్నోళ్లకు ఏం కనబడుతదని ఒక్కనాడు పోయి చూడలే రిబ్కా. ఒక్కనాడన్నా చూడలే. టీవీయే చెప్తా. నువ్వు ఇగ కుర్చీలనే కూసోవాలె.”

“నోరు మూసుకో,” అంది రిబ్కా, ముక్కు తుడుచుకుంటూ. “టీవీలు బజార్ల ఎప్పుడన్నా దొరుకుతయి. ఇది వేలంల పోతే తూకానికి పలగ్గొడతరు. జల్దీ పోయి మిషనే కావాలని చెప్పు.”

మిషను ఇంటికొచ్చింది. ముందు గదిలో సగం అదే ఆక్రమించింది. మార్కు తోటివాళ్లు నవ్వారు, అల్లుడు మొహం ముడుచుకున్నాడు. టీవీ మీద మనసు పోయిందా అంటే పోలేదు. పక్కింట్లో ఆదివారం పొద్దున సీరియల్ సంగీతం మొదలైతే రిబ్కా గిన్నెలు కాస్త గట్టిగానే తోమేది.

అయితే మధ్యాహ్నాలు ఆమెవి. మొదట హేమ్లిని పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టింది. పాత రీళ్లలో కత్తియుద్ధం ఉన్న ఒక సినిమా ముక్క వేశాడు మార్కు.

“అక్కా, గీయన ఎడమచేత కత్తి తిప్పుతడనుకున్న గదనే ఇన్నేండ్లు!” అని హేమ్లి పడీ పడీ నవ్వింది. భద్రతా రీలు వేస్తే ఒక్కసారిగా నవ్వు ఆపి లేచి నిలబడింది. “అగో, ఆ లైన్ల మూడోడు మా తమ్ముడు దేవ్లా కాదూ? గంత జుట్టుండెనా వానికి!”

ఆ కబురు కాలనీ కాలనీకీ పాకింది. ఆ వరుసలో షిఫ్టుకు నడిచిపోయిన మనుషులు ఇరవై మంది దాకా ఉన్నారు. కొందరు కొత్తగూడెం గనులకు మారిపోయారు, కొందరు అసలే లేరు. వాళ్ల ఆడవాళ్లు బస్సెక్కి వచ్చేవాళ్లు. ఎర్రమ్మ అనే ఆవిడ మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, “గాయనే మీ తాత, చూడు, ఉరుకుతున్నడు,” అని చూపించింది. ఆయన ఉరకడం లేదు, మామూలుగానే నడుస్తున్నాడు. ఎవరూ ఆమెను దిద్దలేదు. రిబ్కా అందరికీ టీ పెట్టేది.

పాత ఫిల్ము ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది? తరచూ తెగేది. మార్కు తెగిన చోట చిన్న ముక్క కత్తిరించి, ఘాటుగా వాసన వచ్చే జిగురుతో అతికేవాడు. అతికినప్పుడల్లా ఆ వరుస నడకలో ఒక అడుగు తగ్గేది. మిగతా ఆడవాళ్లు కనిపెట్టలేదు గానీ రిబ్కా కనిపెట్టింది. అయినా ఆపమనలేదు.

తొంభై రెండు చలికాలంలో మిషను బల్బు మాడిపోయింది. మార్కు ఖమ్మం వెళ్లాడు, బెజవాడ వెళ్లాడు, హైదరాబాదుకు మనిషిని పంపాడు. ఆ రకం బల్బు తయారీ ఆపేశారన్నారు. ఇంటికొచ్చి మిషను మీద దుప్పటి కప్పి, నాలుగు రోజులు సరిగా అన్నం తినలేదు. సంక్రాంతి, ఈస్టరు దాటాక ఓ రోజు రిబ్కా, “ఇగ ఆ టీవీ ముచ్చట చూడు,” అంది మెల్లగా.

కొన్నది చిన్నదే, పద్నాలుగు అంగుళాలది. మార్కే ఇంటికప్పు మీద యాంటెన్నా కట్టాడు. ఆ సాయంత్రం ఏదో పాత సినిమా వచ్చింది. రిబ్కా కుర్చీలో కూర్చుంది. మార్కు మాత్రం గదిలో నిలబడి, టీవీ పక్కకు వంగి చూస్తున్నాడు, చెవి ఒగ్గి వింటున్నాడు.

“ఏం వెతుకుతున్నవయ్యా?”

“మిషను చప్పుడు లేదే అని.”

“అదే తిరుగుతది. వచ్చి కూసో.”

కూర్చున్నాడు. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు కదిలాడు. ముప్పై ఐదేళ్ల సంసారంలో వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక సినిమా మొదటినుంచి చూడటం అదే మొదలు. రిబ్కా ఆ మాట చెబుదామని తిరిగేసరికి మార్కు గడ్డం ఛాతీకి ఆనించి గురక పెడుతున్నాడు. కథ ఇంకా సగం కూడా కాలేదు. ఆమె లేచి టీవీ గొంతు తగ్గించి, కుర్చీని అతని పక్కకు ఇంకాస్త జరుపుకుని, మిగతా సినిమా చూసింది.