మామిడితోటలో దవాఖాన

నిన్న మధ్యాహ్నం గోదావరిఖనిలోని మా వంటింట్లో గిన్నెల మీది మూతలు ఒక్కసారిగా గలగలమన్నాయి. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్. భోజనానికి కూర్చున్న కొత్తల్లుడు భూకంపమనుకుని ఎంగిలి చేత్తోనే వీధిలోకి పరుగెత్తాడు. పాపం, నవ్వకూడదు గానీ నవ్వాను. ఆ చప్పుడు వింటే నాకు భయం కాదు, ఒక పల్లె గుర్తొస్తుంది. తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు ఒక స్వచ్ఛంద సంస్థ మందుల వ్యానులో నర్సుగా నేను ఊళ్లు తిరిగిన రోజులు గుర్తొస్తాయి.

బొగ్గుబాయిలో కొలువున్నవాళ్లకు కంపెనీ దవాఖాన ఉండేది. గనుల అంచున పత్తి పండించుకునేవాళ్లకు, కూలికి పోయేవాళ్లకు దగ్గర్లో ఏదీ లేదు. మా వ్యాను వాళ్ల కోసమే. అది ఒకప్పటి అంబులెన్సు, రంగు మార్చారు గానీ సైరన్ తీయలేదు. ఆ పల్లెకు మొదటిసారి వెళ్లినప్పుడు, జనాన్ని పిలుద్దామని మా డ్రైవర్ కాక ఊరి మొగదల దాన్ని గట్టిగా మోగించాడు. అంతే, పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లు, మేకల్ని తోలుకుంటూ మగవాళ్లు, ఊరికి ఊరే మమ్మల్ని దాటుకుని పరుగు తీసింది. అక్కడ సైరన్ మోగిందంటే గనిలో బ్లాస్టింగ్ జరగబోతోందని. పెచ్చులూడే ఇళ్లలో ఉండకుండా అందరూ ఊరవతలి మామిడితోటకు పోయి, చప్పుడయ్యాక తిరిగి రావడం వాళ్ల అలవాటు. ఖాళీ ఊళ్లో డాక్టరమ్మ, నేను, కాక, ఒక కుక్క మిగిలాం. కాసేపటికి ఒక అవ్వ తిరిగొచ్చి కాక మీద విరుచుకుపడింది. "ఏందయ్యా, గిట్ల ఉత్తగనే ఉరికిస్తరా? నా చేపల కూర మాడె! ఎవలు పెడ్తరు గిప్పుడు నాకు?"

కోస్తా నుంచి వచ్చిన మా డాక్టరమ్మ కడుపుబ్బ నవ్వి, "వీళ్లెలాగూ రోజూ ఆ తోటలో చేరతారుగా. మనమే అక్కడ కూర్చుందాం" అంది. అప్పటి నుంచి వారం వారం బ్లాస్టింగ్ వేళకు మామిడితోటే మా దవాఖాన. చప్పుడయ్యేదాకా ఎవరూ ఇంటికి పోలేరు కాబట్టి సూదంటే భయపడేవాళ్లు కూడా దొరికిపోయేవారు. అందరికంటే ముందు బీపీ పట్టీకి చెయ్యి చాపేది ఆ అవ్వే. ఆమె ఊరి మంత్రసాని, సగం ఊరికి బొడ్డు కోసిన చెయ్యి. అందుకే నిండు గర్భిణి అయిన తన కోడలిని మాత్రం మా దగ్గరికి రానిచ్చేది కాదు. "నేనుండంగ దానికి డాక్టరెందుకు?" అనేది. ఆ పిల్లకు తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. దూరంగా కూర్చుని మా వైపే చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేది.

ఒకరోజు ఆ పిల్ల పాదాలు ఉబ్బి ఉండటం చూసి, అవ్వ ఏదో అనేలోపే నేను పట్టీ చుట్టేశాను. అంకె బాగా పైకి పోయింది. అంకె పెద్దదైతే పరీక్షలో మార్కుల్లాగా గొప్పేనని అవ్వ లెక్క. "దానికి నాకంటె ఎక్కువెట్లొస్తది? పొద్దుగాల గంజి తాగిందంతే! నాకు మళ్ల కట్టు!" అని కొట్లాటకు దిగింది. తోటంతా గొల్లుమంది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "ఎక్కువైతే మంచిది కాదమ్మా. తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికొస్తుంది. కాన్పు పట్నం ఆసుపత్రిలోనే కావాలి" అంది.

అవ్వ చాలాసేపు కోడలి కాళ్లనే చూసింది. "పోయినసారి గూడ గిట్లనే ఉబ్బినయ్" అంది మెల్లగా. మళ్లీ తేరుకుని, "ఊరందరి కాన్పులు జేసి నా ఇంటి పిల్లను దవాఖానకు పంపితె నలుగురు నవ్వరా?" అంది. "మీరూ వెంట రండి. ఇంటికొచ్చాక తొలి స్నానం మీ చేత్తోనే" అంది డాక్టరమ్మ. ఆ ఊళ్లో పసిబిడ్డకు తొలి స్నానం మంత్రసాని హక్కు. "నీళ్లు గూడ నేనే కాగవెడ్త" అని ఒప్పుకుంది అవ్వ.

అనుకున్నదానికంటే ముందే, ఒక మధ్యాహ్నం చప్పుడయ్యి జనం ఇళ్లకు మళ్లాక, మేమింకా తోటలో ఉండగానే నొప్పులొచ్చాయి. కోడలిని వ్యానులో పడుకోబెట్టాం. సైరన్ వేస్తే ఊరు మళ్లీ గందరగోళమవుతుందని కాక తటపటాయిస్తుంటే, "మోగియ్యి! ఉరికితె ఉరకనియ్యి!" అని అరిచింది అవ్వ.

పొద్దు గూకకముందే ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఆనందం పట్టలేక కాక ఆసుపత్రి వరండాలో చిందులేశాడు, డాక్టరమ్మ నన్ను వాటేసుకుని ఏడ్చేసింది. అవ్వ మనవరాలిని ఒళ్లో వేసుకుని, కాళ్లూ చేతులూ తడిమి చూసి, నా వైపు తిరిగి నవ్వింది. "జెరంత ముంగట రాకపోతిరి బిడ్డా" అంది. దక్కని ఆ తొలి బిడ్డను తలచుకుని అన్న మాట అది. అందులో నిందేమీ లేదు, ఆమె ముఖం నిండా సంతోషమే. ఇన్నేళ్లయినా నాకు తెలిసిందొక్కటే: వేళకు చేరుకున్న సంతోషం ఎంత పెద్దదైనా, మనం రాకముందు గడిచిపోయిన కాలం కూడా వచ్చి దాని పక్కనే కూర్చుంటుంది.