నీళ్లు లేవన్న నోటితోనే స్తోత్రం

సహోదరులారా, అక్కచెల్లెళ్లారా, కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి, నాకు చదువు లేదు గానీ దేవుడు జ్ఞాపకశక్తి ఇచ్చాడు, జరిగింది జరిగినట్టు చెబుతాను. ఈ ఆక్లాండ్‌లోనే, మౌంట్ ఆల్బర్ట్‌లో మా ఇంటి స్నానాల గది కుళాయి కింద ఎప్పుడూ ఒక బకెట్ ఉంటుంది, వేడినీళ్లు వచ్చేదాకా పారే చన్నీళ్లు దాంట్లో పట్టి మొక్కలకు పోస్తాను. "అత్తయ్యా, ఆక్లాండ్‌లో వానకి కరువా? ఆ బకెట్‌ని మ్యూజియంలో పెట్టిద్దాం" అంటాడు మా అల్లుడు. నవ్వనీ! ఆ బకెట్ వెనక నా పాపం ఉంది, నా దేవుని కనికరమూ ఉంది.

మాది ప్రకాశం జిల్లా, నా భర్త బోరు బండి మీద డ్రిల్లరు. మా అమ్మాయి కృపకు ఐదేళ్లప్పుడు కంపెనీ ఆయన్ని ఆఫ్రికాలో మలావీ దేశానికి పంపితే మేమూ వెళ్లాం. ఆ పల్లెలో ఆడవాళ్లు తెల్లవారగానే వాగులో ఇసుక తవ్వి, ఊరిన బురదనీళ్లు ముంతతో తోడుకునేవారు, పశువులూ అక్కడే తాగేవి, ఆడపిల్లలకు ఆ వాగే బడి! మాకు మాత్రం కంపెనీ వారానికోసారి మంచినీళ్ల డబ్బాలు పంపేది, నేను వాటిని రేకుల షెడ్డులో పెట్టి తాళం వేసేదాన్ని.

ఒకరోజు పక్క గుడిసె ఎస్తేరు, ఆమె కూడా ప్రభువును నమ్ముకున్న బిడ్డే, చంటిదానికి జ్వరమని ఒక్క గ్లాసు నీళ్లు అడిగింది. లేవన్నాను. లోపల రెండు డబ్బాలు నిండుగా ఉన్నాయి సహోదరులారా!

మరుసటి వారం డబ్బాల బండి రాలేదు, మా నీళ్లు అయిపోయాయి, నా భర్త సామాన్ల కోసం పట్నం వెళ్లాడు. కృప ఆ పిల్లలతో ఆడుతూ వాగునీళ్లు తాగింది. మర్నాడు పొద్దున్నే వాంతులు, విరేచనాలు, కళ్లు లోతుకు పోయాయి, పిలిస్తే పలకదు. "యేసయ్యా, నా బిడ్డను బతికించు, నా ఒక్క బిడ్డను బతికించు" అని నేల మీద పడి ఏడ్చాను. మధ్యాహ్నానికి ఎస్తేరు వచ్చింది, నెత్తిన బిందె, కొంగున ఉప్పూ చక్కెరా కలిపిన పొడి. నా ఏడుపు విని రెండు కొండలవతలి ఆసుపత్రి పంపుకు నడిచి వెళ్లి తెచ్చింది.

"నీ దగ్గర నీళ్లు లేవన్నావు కదా సిస్టర్, అందుకే తెచ్చాను" అంది వచ్చీరాని ఇంగ్లీషులో.

ఎత్తిపొడుపు కాదు, నా అబద్ధాన్ని నమ్మింది!

"ఆరోజు ఉన్నాయి ఎస్తేరూ" అన్నాను ఆమె కాళ్ల దగ్గర కూలబడి.

ఆమె నన్ను లేపి, చెంచా నా చేతిలో పెట్టి, "ముందు పాపకు పట్టు" అంది.

చెంచా చెంచాగా పట్టిస్తూ ప్రార్థన మార్చుకున్నాను, "ప్రభువా, మా బిడ్డలందరికీ నీళ్లివ్వు" అని. సాయంత్రానికి కృప కళ్లు తెరిచి అమ్మా అంది, దేవునికే మహిమ!

అప్పటికే అక్కడ ఒక బోరు వట్టిపోయింది, కంపెనీ వాళ్లు వేరే ఊరికి పొమ్మన్నారు. నా భర్త బతిమాలి ఇంకొకటి వేశాడు, ఎస్తేరు చూపిన చెదపుట్ట పక్కనే. "మన ఊళ్లోనూ పుట్ట కాడే నీళ్లంటారుగా" అన్నాడు. నీళ్లు ఎగజిమ్మాయి! చేతిపంపు వచ్చాక ఆడపిల్లలు బడికెళ్లారు, పంపు కింద కూరమడి పచ్చగా లేచింది, పసివాళ్ల సమాధులు తవ్వడం తగ్గింది. ఎస్తేరు చంటిది ఆ నీళ్లు తాగే పెరిగింది. మా కృప ఇక్కడ నర్సు.

దేవుడు నా బిడ్డకు రోగం నుంచి, నాకు తాళం నుంచి విడుదల ఇచ్చాడు. మీ గుండెకూ ఏదైనా తాళం ఉంటే ఆయన చేతికివ్వండి, నమ్మండి, తీస్తాడు. మీ ఇంటి కుండ ఎన్నడూ వట్టిపోకూడదు, మీ పిల్లలు చల్లగా ఉండాలి, గుమ్మంలో దాహమన్నవాళ్లకు లేవన్న మాట మీ నోట రాకుండా ప్రభువు కాపాడును గాక, ఆమేన్.