మసి మీసం

తొంభైల మొదట్లో అరకు దగ్గర కొండల్లో ఒక ఆశ్రమ పాఠశాలకి తెలుగు మాస్టారుగా వెళ్ళాను. కలెక్టరునైనా నువ్వనే పిలిచే ఊరది. పంద్రాగస్టుకి నాటకం వేయించడం నా పిచ్చి. ఓ ఏడాది ఫారెస్టు గార్డు వేషం కావాల్సి వచ్చింది. కొండవాళ్ళకి పులన్నా అంత భయం లేదు, ఎవడూ వేస్తాననలేదు. పదో తరగతిలో ఒకడు, పలకరిస్తే నేల చూసేవాడు, "నానేస్తాను" అన్నాడు. ఖాకీ చొక్కా తొడిగి, వంటపాకలో మూకుడు మసి ఆముదంలో కలిపి, మెలితిరిగిన మీసం నేనే దిద్దాను. ఫోటో కూడా తీయించాను. నాటకం అవగానే వాళ్ళమ్మ జనంలోంచి లేచొచ్చి, కొంగు ఉమ్మితో తడిపి ఆ మీసం తుడిచేసింది.

"మా గుంటడి మొకం మాకిచ్చెయ్యి మాస్టారూ" అంది. అందరం నవ్వాం.

వాడు సైన్యంలో చేరాడు. కమాండోల్లోకి తీసుకున్నారు. ఎక్కడున్నాడో రాయకూడదట, ఫోటో పంపకూడదట. అసలే మాటలు తక్కువ కాబట్టి ఆ నియమం వాడికి బాగా నప్పింది. ఐక్యరాజ్యసమితి తరఫున శాంతి కాపాడమని ఆఫ్రికా పంపారు. శాంతి కాపాడుతుండగా జరిగిన కాల్పుల్లో పోయాడు.

శవప్పెట్టె సీలు వేసి వచ్చింది. తెరవకూడదన్నారు.

"ఒక్కపాలి మొకం సూపించమను బాబూ" అని వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుంది. నేను అధికారుల్ని నాకొచ్చిన ఇంగ్లీషులో బతిమాలాను. వాళ్ళు మంచి ఇంగ్లీషులో కుదరదన్నారు. విగ్రహం పెడతారట, అందులో చూసుకుందువుగాని అని ఆమెకి నచ్చజెప్పాను. ఆ మాట అన్నందుకు నాకిప్పటికీ సిగ్గే. ఆమె దాన్నే పట్టుకుని రోజులు లెక్కపెట్టింది.

మంత్రిగారు ముహూర్తం ఇచ్చేశారు. సైన్యం నుంచి ఫోటో తెప్పించే వ్యవధి లేదు, వాళ్ళింట్లో ఒక్క ఫోటో లేదని విగ్రహం కమిటీ నా మీద పడింది. నా బీరువాలో ఉన్నది ఆ నాటకం ఫోటో ఒక్కటే. మీసం మసిదని శిల్పికి చెప్పండి అన్నాను.

"మీసం లేకపోతే సైనికుడెలా అవుతాడు మాస్టారూ?" అన్నారు. ఫోటో తీసి ఇచ్చేశాను.

సంత కూడలిలో ముసుగు తీశారు. విస్తళ్ళు కుట్టే అడ్డాకులు అమ్మడానికొచ్చిన ముసలాళ్ళు ఫారెస్టు గార్డనుకుని మోపులు వెనక్కి లాక్కున్నారు. మంత్రిగారు చప్పట్లు కొట్టారు.

ఆమె గద్దె ఎక్కి చాలాసేపు చూసింది. కొంగు ఉమ్మితో తడిపి, సిమెంటు విగ్రహం పైపెదవి మీద రుద్దింది. వీరమాత కొడుకు ముఖాన దుమ్ము తుడుస్తోందని ఎవరో మైకులో గద్గదంగా చెప్పారు. ఫోటోలవాళ్ళు ఎగబడ్డారు. ఆమె ఇంకా గట్టిగా రుద్ది, జనంలో నాకోసం వెతికింది.

"ఈపాలి ఏటి కలిపావు మాస్టారూ? సెరగట్లేదు."