పాపకు వచ్చిన ఒక్క ఒత్తు

మా తెలుగు సారు పోయారు. పామిడి నుంచి ఆయన పక్కింటామె ఫోన్ చేసేటప్పటికే దహనం అయిపోయింది. "చెల్లెలొకామె ఉండాదంట గదమ్మా, ఆమెకు యాడ చెప్పల్ల?" అని నన్నడిగింది.

తొంభైల చివర్లో, గార్లదిన్నె పక్క ఊళ్లో, ఆయన మాకు వ్యాకరణం చెప్పారు. కర్త లేని వాక్యం కనిపిస్తే ఆయనకు ఒళ్లు మండేది. ఒకసారి నేను 'కుండను పగలగొట్టారు' అని రాశాను. "కర్త యాడమ్మా? పగలగొట్టినోళ్లకు పేరు లేదా?" అంటూ వాక్యం ముందు ఎర్ర సిరాతో ఖాళీ గడి గీశారు. నిజానికి ఆ కుండ పగలగొట్టింది నేనే. ఆయనకెలా తెలిసిందో!

వేరుశనగ ఎండిపోయి ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడ్డ ఏడాది, బడి మానిన ఆడపిల్లల ఇళ్లకు వెళ్లి గడప మీద కూర్చునేవారు. మా ఇంటికీ వచ్చారు. "పాపను యాడికి పంపిస్తాండావన్నా? ఎవరితో?" అని మా నాయనను అడిగారు. జవాబు సరిగ్గా వచ్చేదాకా లేవలేదు. నాయన చాలా తిట్టుకున్నాడు. నేను మాత్రం మరుసటి రోజు బడికి వెళ్లాను. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ గడప వల్లే.

కొన్నేళ్లకు నేను అనంతపురంలో డీటీపీ పనిలో ఉండగా ఆయన ఒక నవల తెచ్చారు. కరువులో ఒక ఇల్లు ఎలా కుళ్లిపోతుందో అందులో రాశారు. ముందు మేకలు పోతాయి, తర్వాత ముసలామె కంచంలో కూడు తగ్గుతుంది. చివరికి తొమ్మిదేళ్ల పిల్లను ఊరూపేరూ తెలియని మనిషికి అప్పగిస్తారు. 'పాపను అమ్మినారు' అని ఉంది అక్కడ. "సార్, దీనికి కర్త యాడ?" అన్నాను నవ్వుతూ. ఆయన నవ్వలేదు. కాగితాలు సర్దుకుని వెళ్లిపోయారు.

వారం తర్వాత తిరిగి తెచ్చారు. 'రు' కొట్టేసి పైన ఎర్ర సిరాతో 'ను' రాశారు. పాపను అమ్మినాను.

"బేరం చేసింది మా నాయన. మా చెల్లెలి ఏలు పట్టుకోని గుంతకల్లులో బొంబాయి రైలెక్కిచ్చింది నేను. తిరనాలకు పోతాండామని చెప్పినా. ఆ దుడ్లతోనే నేను టీచరు ట్రైనింగు చేసినా" అన్నారు.

నాకు ఆయన మీద అసహ్యం వేసింది. దాచడమెందుకు? ఆ రోజు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

ఆ ప్రతి నిండా ఎర్ర దిద్దుబాట్లే. రాత్రి కొట్టేసి రేయి, వర్షం కొట్టేసి వాన, గ్రామం కొట్టేసి ఊరు. తెలుగు పండితుడికి ఇదేం పిచ్చి అనుకున్నాను. "పాప మూడో తరగతి దాకానే చదివింది. ఒత్తులు రావు. యాడన్నా దొరికి చదువుకుంటే అడ్డం పడగూడదు" అన్నారు. అసహ్యం అప్పుడూ పోలేదు. కానీ కళ్లల్లో నీళ్లు తిరిగి టైపు చేయలేకపోయాను.

పుస్తకం వచ్చాక సొంతవాళ్లు ఆయన గడప తొక్కలేదు. తల్లి పోతే కబురు కూడా పెట్టలేదు. ఏటా వేసవి సెలవుల్లో ఆయన పది పుస్తకాలు సంచిలో వేసుకుని బొంబాయి వెళ్లేవారు. స్టేషన్లలో బల్లకొకటి చొప్పున వదిలి వచ్చేవారు. పుస్తకం వెనక పామిడి చిరునామా ఉండేది. ఏ ఉత్తరమూ రాలేదు.

మంచాన పడ్డ ఆయనను చివరిసారి చూసినప్పుడు, ఎన్నాళ్లుగానో మనసులో ఉన్నది అడిగేశాను. "తీయగలిగిన ఒత్తులన్నీ తీసేసినారు గదా సార్, 'అమ్మినాను'లో ఎందుకు ఉంచినారు? పంపేసినానని రాసినా కథ నడుస్తాది గదా?"

"పంపేసినానంటే అబద్ధం గదమ్మా. అయినా ఆ ఒక్క ఒత్తు పాపకు వస్తాది. పలక మీద నేనే దిద్దిచ్చినా."

మంచం మీద నుంచే చెయ్యి లేపి గాలిలో వేలితో 'అ' రాశారు. పక్కన 'మ' రాశారు. దాని కింద ఒత్తు పెట్టి, వేలిని అక్కడే ఉంచేశారు.