దోనె కార్డు

మా అమ్మాయి విషయంలో నేను చేసిన వెధవపని ఒకటుంది. పొరపాటు అనడానికి నోరు రావడం లేదు. పొరపాటంటే చెయ్యి జారి జరిగేది. ఇది నేను కుర్చీ వేసుకుని కూర్చుని, సైజు చూసి, ప్రింటు తీసి, లామినేషన్ చేసి, మూలలు గుచ్చుకోకుండా గుండ్రంగా కత్తిరించి మరీ చేశాను.

నాది అనకాపల్లిలో జెరాక్స్ కొట్టు. ఆధార్ కార్డులు, పాసుపుస్తకాలు, హాల్‌టికెట్లు, అన్నీ నా మెషిన్‌లోంచి పోవాల్సిందే. నా నోరు మంచిది కాదని కొట్టుకొచ్చే వాళ్లందరికీ తెలుసు. ఒరిజినల్ మెషిన్‌లో మర్చిపోయి వెళ్లినవాణ్ణి వీధి చివరిదాకా తిట్టుకుంటూ వెళ్లి మరీ ఇచ్చి వస్తాను.

అమ్మాయికి ఎనిమిదేళ్లు. ఆటిజం. మాటలు పదో పన్నెండో ఉన్నాయి, అవీ తనకి బుద్ధి పుట్టినప్పుడే. తర్వాత ఏం జరగబోతోందో తెలియకపోతే పిల్ల తట్టుకోలేదు. స్నానానికి రమ్మంటే ఏడుపు, గౌను మారుస్తుంటే ఏడుపు, చెప్పులు తొడిగితే నేలమీద పడి దొర్లడం. తొమ్మిదయ్యేసరికి మా ఆవిడకీ నాకూ ఒంట్లో ఓపిక ఉండేది కాదు. నేను అరిచేవాణ్ణి. ఒకట్రెండుసార్లు చెయ్యి కూడా చేసుకున్నాను. దాచి ఏం లాభం?

అప్పుడు ఇంటికొచ్చి పిల్లకి పాఠాలు చెప్పే టీచరమ్మ బొమ్మల టైంటేబుల్ పెట్టమన్నారు. ఒక అట్టమీద పైనుంచి కిందికి ఆ రోజు పనుల బొమ్మలు వరసగా అంటించాలి. పళ్లు తోముకోవడం, స్నానం, టిఫిన్, బడి. ఒక పని అవగానే పిల్ల ఆ కార్డు పీకి డబ్బాలో వేస్తుంది, దాని కింద కార్డు చూసుకుంటుంది.

"ఇంతేనా?" అన్నాను వెటకారంగా.

"ఇంతేనండీ. ఒక్కటే నియమం. అట్టమీద పెట్టింది జరగాలి. జరగనిది పెట్టకూడదు. మార్పు వస్తే పాప చూస్తుండగానే పాత కార్డు తీసి కొత్తది పెట్టండి. ఏడిస్తే ఏడవనివ్వండి, కానీ ముందే చూపించండి" అన్నారావిడ.

సరే, పనైతే నా చేతిలోదే కదా అని దిగాను. ఎవరివో బొమ్మలు ఎందుకని మా ఇంట్లో వస్తువులకే ఫొటోలు తీశాను. మా బకెట్టు, మా కంచం, మా బావ నడిపే ఆటో. ప్రతి కార్డు వెనక, అంటించి పీకడానికి వీలుగా, వెల్‌క్రో ముక్క. ఊరికి వెళ్లేటప్పుడు కార్డులు అంటించి చేత్తో పట్టుకోవడానికి వేరే చిన్న పట్టీ. మొదటి రెండు వారాలూ ఏమీ లేదు. మూడోవారం ఒక పొద్దున్న పిల్ల తనంతట తనే అట్ట దగ్గరికి వచ్చి, స్నానం కార్డు వేలితో తట్టి, తువ్వాలు లాక్కుని బాత్రూమ్‌లోకి వెళ్లిపోయింది. నేనూ మా ఆవిడా ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. ఏడుపొచ్చేసింది నాకు. ఆ రోజు కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఈ సంగతి చెప్పాను. వద్దన్నవాడికీ చెప్పాను.

ఆ తర్వాత కార్డులో ఏది ఉంటే అది. సూది కార్డు పెట్టినా ఏడుస్తూనే వెళ్లి కూర్చునేది. దానికి బాగా ఇష్టమైన కార్డు మాత్రం కొండకర్ల ఆవ అనే పెద్ద చెరువులో దోనెది. రెండు తాటిమానులు జోడించి కట్టిన దోనెలో ఎక్కించి నీళ్లమీద తిప్పుతారు. అందులో కూర్చుంటే పిల్ల వేళ్లు నీళ్లలో పెట్టి కిమ్మనకుండా ఉంటుంది.

ఇంతలో మా అమ్మ మొక్కు వచ్చి పడింది. మా అమ్మది చీడికాడ వైపు చెరుకు రైతుల కుటుంబం. పిల్లకి మాట వస్తే తలనీలాలు ఇస్తానని ఎప్పుడో అమ్మవారికి మొక్కుకుంది. మాట వచ్చింది. అయితే మొక్కింది మా అమ్మ, జుట్టు మాత్రం పిల్లది.

"మాటొచ్చి రెండేళ్లయిపోనాది. ఇంకా తీర్సకపోతే అమ్మోరు ఊరుకుంటాదేటిరా? ఆదోరం మంచిరోజు. మరి ఆపకు" అంది.

పిల్ల తలమీద దువ్వెన పడితేనే ఇల్లు ఎగిరిపోతుంది. టీచరమ్మని అడిగితే నెల రోజులు పడుతుందన్నారు. ముందు కత్తి బొమ్మ చూపించాలట, తర్వాత తల తడపడం అలవాటు చెయ్యాలట, ఆ చోటుకి ఊరికే ఓసారి తీసుకెళ్లి తీసుకురావాలట. "గుండుకి నెల రోజుల కోచింగా?" అని నవ్వేశాను.

ఆదివారానికి మా ఆవిడ గుళ్లోకి రాకూడని రోజులొచ్చాయి. వారం ఆగుదామంది. మా అమ్మ వినలేదు. చివరికి మా ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "గుండు కార్డు పెట్టి తీసుకెళ్లండి. ఏడిసినా పర్లేదు, సెప్పి తీసుకెళ్లండి" అంది. "సర్లే, పెడతాలే" అన్నాను.

గుండు కార్డు తయారు చేశాను కూడా. కానీ అది చూస్తే పిల్ల గుమ్మం దాటదని నాకు తెలుసు. మనం పిల్లల్ని ఎప్పుడు నిజం చెప్పి తీసుకెళ్లాం? సూదికి తీసుకెళ్తూ చాక్లెట్ అంటాం. నాకు చెవులు కుట్టించినప్పుడు నోట్లో బెల్లంముక్క పెట్టి, ఏం లేదు నాన్నా ఏం లేదు అంటూ కుట్టించేశారు. కాసేపు ఏడ్చాను, మర్చిపోయాను. ఇదీ అంతేలే అనుకున్నాను. పట్టీమీద టిఫిన్, ఆటో, దోనె, ఇల్లు, నాలుగు కార్డులు అంటించాను. గుండు కార్డు కొట్టు సొరుగులో ఉండిపోయింది.

పిల్ల హుషారుగా బయలుదేరింది. ఆటోలో కూనిరాగాలు తీస్తూ, టిఫిన్ కార్డు పీకి నా చేతికిచ్చింది. గుడి దగ్గర దిగగానే ఆటో కార్డు పీకి ఇచ్చింది. దోనె కార్డుమీద వేలు పెట్టి నన్ను చూసింది. నేను "ఆఁ ఆఁ" అన్నాను.

తలనీలాలు తీసేచోట కూర్చోబెట్టి తలమీద నీళ్లు పొయ్యగానే ఒక్క కేక పెట్టింది. కాళ్లు మా బావ పట్టుకున్నాడు, చేతులు మా అమ్మ పట్టుకుంది. తల కదిలితే కత్తి గాటు పడుతుందని తల నేను పట్టుకున్నాను. నా రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను. సగం గుండు అయ్యాక పిల్ల ఎలాగో ఒక చెయ్యి విడిపించుకుంది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఒళ్లో పడి ఉన్న పట్టీనుంచి దోనె కార్డు పీకి, నా కళ్ల ముందు పెట్టింది. ఏడుస్తూనే పెట్టింది. నేను మొహం తిప్పుకుంటే ఆ పక్కకి జరిపి మళ్లీ పెట్టింది. నాన్న మోసం చేశాడన్నది దానికి తట్టలేదు. నాన్న చూసుకోలేదు, తప్పు చోటుకి తీసుకొచ్చాడు, కార్డు చూపిస్తే సరిచేసుకుంటాడు అనుకుంది.

"దోనె" అంది. "దోనె. దోనె."

అంతకుముందు ఎప్పుడూ అనని మాట అది.

"ఓలమ్మా, ఇన్నావేటిరా! కొత్త మాటొచ్చీసింది! సూసేవా అమ్మోరి సత్తెం!" అని మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను తల వదల్లేదు. గుండు పూర్తయ్యేదాకా పట్టుకునే ఉన్నాను. ఛీ, ఏం బతుకు నాది!

అక్కణ్ణుంచి నేరుగా కొండకర్ల తీసుకెళ్లాను. ఆవగట్టుమీద పిల్ల నీళ్లకి వీపు పెట్టి కూర్చుంది. దోనె దగ్గరికి ఎత్తుకెళ్లబోతే రెండు చేతులతో గుండు కప్పుకుంది. వెనక్కి తెచ్చేశాను.

ఇంట్లో మా ఆవిడ పట్టీ తీసి చూసింది. "గుండు కార్డేదండీ?" అంది. కొట్టు సొరుగులో ఉందన్నాను. "అయితే నాకూ అబద్ధమే సెప్పేరన్నమాట" అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాటినుంచి పిల్ల అట్టవైపు చూడలేదు. పాత ఏడుపులన్నీ మళ్లీ మొదలు. "జుట్టు మళ్లీ వత్తాదిలేరా, దానికింత ఇదైపోతావేటి" అని మా అమ్మ. వచ్చింది, నిజమే. ఇప్పుడు అంగుళందాకా ఉంది. టీచరమ్మ నన్ను ఏమీ అనకుండా, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టమన్నారు. కంచంలో ఇడ్లీ పెట్టాకే టిఫిన్ కార్డు చూపించాలి, గ్లాసు చేతిలో ఉన్నప్పుడే నీళ్ల కార్డు. రెండు నెలలు మా ఆవిడా నేనూ అదే పని చేశాం. నేను ఒక్కసారి కూడా అరవలేదు.

కిందటి వారం పొద్దున్నే అట్టమీద స్నానం కార్డు నేను అంటించాను. పిల్ల వచ్చింది, చూసింది. కార్డు పీకింది. అయిపోయింది, పారేస్తుంది అనుకున్నాను. పారెయ్యలేదు. వంటింట్లోకి పట్టుకెళ్లి వాళ్లమ్మ చేతిలో పెట్టి, చెయ్యి పట్టుకుని అట్ట దగ్గరికి లాక్కొచ్చింది. మా ఆవిడ నావైపు ఓసారి చూసి, పిండి చేత్తోనే ఆ కార్డుని అదే చోట అంటించింది. పిల్ల దాన్ని వేలితో తట్టి స్నానానికి వెళ్లిపోయింది.

అప్పట్నుంచి రోజూ ఇంతే. కార్డులు చేసేది నేనే. నేను అంటిస్తే మాత్రం చెల్లదు.