ఆవ ఘాటు ఒక్కటే

ఆమదాలవలస బజారులో జగ్గమ్మ పనసపొట్టు కొడుతూంటే పెంకుల మీద తొలి చినుకులు పడుతున్నట్టు ఉంటుంది. అలివేలుమంగ ఆ చప్పుడు వింటూ కాసేపు నిలబడి, రెండు కిలోలు కట్టమని సంచీ చాపింది. జగ్గమ్మ కత్తి ఆపి ఆమె ముఖంలోకి చూసింది.

“ఏటమ్మా, ఎప్పుడూ గుప్పెడు తీసి ముక్కు కాడెట్టి సూసేదానివి. ఈ పాలి నా మీద అంత నమ్మకం వొచ్చేసినాదేటి?”

అలివేలుమంగ నవ్వి, తొందరగా ఉందని చెప్పి వచ్చేసింది. ఆ మాట మాత్రం ఇంటిదాకా ఆమె వెనకే నడిచింది.

పుష్యమాసంలో జ్వరం వచ్చింది. మూడు రోజులుండి పోయింది. పోతూ పోతూ లోకంలోని వాసనలన్నిటినీ మూటగట్టుకుని పోయింది. కాఫీ వేడినీళ్ళయింది. తులసికోట మట్టిగుట్టయింది. నాలుకకి ఉప్పూ కారం తప్ప మరేమీ అందకుండా పోయింది. శ్రీకాకుళం ఒక్కతే వెళ్ళి డాక్టరుకి చూపించుకుంటే, వాసన తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడాయన. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆమె పఫ్‌లు కాల్చే ఓవెన్ మీద గుడ్డ కప్పేసి, ఇక విశ్రాంతి తీసుకోమంటారు. యాభై నాలుగేళ్ళ ఆమెకి ఆ ఓవెన్ ఎదట ఉన్నప్పుడే తానెవరో తెలిసేది.

ఆమె భర్త కూర్మనాథం ఊరి వేణుగోపాలస్వామి గుడిలో వంటస్వామి. వాళ్ళింట్లో దేవుడికి పెట్టకుండా ఏదీ నోట్లో పెట్టరు. వండినదాని మీదకి వంగి వాసన చూడడం కూడా తప్పే. కానీ గిన్నెలోంచి దానంతట అదే లేచి వచ్చే వాసనని ఎవరూ ఆపలేరు కదా. ఆ వంశంలో వంట వచ్చినవాళ్ళ విద్యంతా ఆ దొంగదారిలోనే ఉంది. ఉప్పు సరిపోయిందో లేదో కూడా ఆవిరి చెప్పేది ఆమెకి. కాపురానికి వచ్చిన ఏడాదిలో అత్తగారు నేర్పిన విద్య అది.

ఏడేళ్ళ కిందట కోడలు రేఖ ఓవెన్ తెచ్చుకుంది. మైదాపిండి, వెన్న పొరలు పొరలుగా మడిచి, ఫ్రిజ్‌లో చల్లబెట్టి మళ్ళీ మడవడం ఫోనులో చూపించింది. అలివేలుమంగ అందులో ఆవ పెట్టిన పనసపొట్టు కూరింది. గుడ్డుకి బదులు పైన పాలు రాసింది. శ్రీకాకుళంలో ఇళ్ళల్లో పార్టీలకి జనం నిలబడే తింటారు కాబట్టి, టానిక్ సీసా మూతతో గుండ్రంగా కోసి, ఒక్క నోటికి సరిపోయేలా చేసింది. అలా మంగమ్మగారి చిట్టి పఫ్‌లు పుట్టాయి. పార్టీ మర్నాడు ఫోను రావడం మామూలు. ఇంకో పాతిక ఉంటే బాగుండేదండీ, అనేవారు.

మాఘమాసంలో చేసిన రెండు పార్టీల తరవాత ఆ ఫోను రాలేదు.

ఈవేళ సాయంత్రం శైలజగారింట్లో పార్టీ. ఆవిడ కాలేజీలో లెక్చరరు, కొత్తింట్లో తోటి లెక్చరర్లని పిలుచుకుంటోంది. నూట ఇరవై కావాలంది. ఆ రెండు పార్టీలకీ వెళ్ళినవాళ్ళే ఇక్కడికీ వస్తారు. ఈసారి కూడా రేపు ఫోను మోగకపోతే ఇక మోగదని అలివేలుమంగకి తెలుసు.

పొట్టు ఉడికించి, వార్చి, సగం తీసి పక్కన పెట్టింది. చిన్న రాతి రోట్లో ఆవాలూ ఎండుమిరపకాయలూ వేసి నూరడం మొదలుపెట్టింది. ఈ పని కోసమే ఆమె పొద్దుటినుంచీ ఎదురుచూసింది. ఎందుకంటే ఆవ ఘాటు వాసన లాంటిది కాదు. అది ముక్కులోంచి ముళ్ళకంపలా దూసుకెళ్ళి నుదుటి వెనక గుచ్చుకుంటుంది, కళ్ళు నింపుతుంది. మూగబోయిన ఆ వంటింట్లో ఇంకా ఆమెతో మాట్లాడుతున్నది అదొక్కటే. దాని మాట కాస్త గట్టిగా వినబడాలని మరో గుప్పెడు ఆవాలు వేసింది. కళ్ళనీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. ఇంకో చారెడు వేసింది.

మొదటి పళ్ళెంలోని అరవై పఫ్‌లూ బంగారురంగు తిరిగి బయటికి వచ్చాయి. పొరలు విచ్చుకుని, ఎండలో రెక్కలు ఆరబెట్టుకునే చిన్న పిట్టల్లా ఉన్నాయి. చూపుకి ఏ లోటూ లేదు. ఆమె పళ్ళెం మీద ముఖం ఉంచి నిలబడింది. బుగ్గలకి వేడి తగిలింది. అంతే. ఓవెన్‌లో కాగాక ఆవ కూడా నోరు మూసుకుంది.

అప్పుడు భయం వేసింది. జగ్గమ్మ కత్తి చప్పుడు చెవుల్లో మళ్ళీ మొదలైంది.

రేఖ బడిలో పిల్లలకి పాఠాలు చెప్పి అప్పుడే వచ్చింది. సాయంత్రం స్కూటీ మీద పెట్టెలు తీసుకెళ్ళాల్సింది తనే. ఆర్నెల్ల కిందట తను కొని తెచ్చిన కొలత చెంచాలు, గోడ మేకుకి తగిలించినవి తగిలించినట్టే ఉన్నాయి. వాటివైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుని, పెట్టెలు మడవడానికి కూర్చుంది.

“రేఖా, ఒకటి తిని చూడవే,” అంది అలివేలుమంగ.

రేఖ చేతులు ఆగిపోయాయి. “ఇంకా నైవేద్యం పెట్టలేదు కదా అత్తయ్యా.”

“పెట్టలేదు. తిను.”

రేఖ ఒకటి తీసుకుని కొరికింది. రెండుసార్లు నమిలి, మింగాలా వద్దా అన్నట్టు ఆగింది. లేచి వెళ్ళి ఉమ్మేసి, నోరు పుక్కిలించి వచ్చింది. ముఖం ఎర్రబడింది.

“చేదు. మాఘంలో చేసినవాటిలాగే. మీకు తెలీదా అత్తయ్యా? చెంచాలు కొన్నానని నా మీద కోపమనుకున్నాను. కొలతలు నాకు నేర్పుతావేటే అన్నారు కదా ఆ రోజు. ఆ పంతానికే ఆవ కుమ్మరిస్తున్నారని, ఇన్నాళ్ళూ నోరెత్తలేదు.”

అలివేలుమంగ పీట మీద కూర్చుండిపోయింది. ఎన్ని రాత్రులు ఈ పిల్ల ఆ అనుమానం మోసుకుని తన పక్కనే అన్నం తిన్నదో అనుకుంది. చెప్పాల్సిన మాట చివరికి చాలా చిన్నదై బయటికి వచ్చింది.

“నాకు వాసన తెలీటం లేదే. జ్వరం వచ్చినప్పట్నుంచీ.”

గుమ్మంలో కూర్మనాథం నిలబడి ఉన్నాడు. పెట్టెలు కట్టేముందు ఒకటి దేవుడి అలమారు దగ్గర పెట్టడానికి వచ్చాడు. కోడలి చేతిలోని సగం కొరికిన పఫ్ చూశాడు. భార్య మాటా విన్నాడు.

“నేనే తినమన్నాను,” అంది ఆమె, ఆయన అడగకుండానే.

ఆయన భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు.

“మాఘంలో పెట్టినవీ చేదుగానే ఉన్నాయి,” అన్నాడు. “ప్రసాదానికి వంక పెట్టకూడదు కదా. కళ్ళకద్దుకుని మింగేను.”

“అదేటండీ, నాతో ఒక్క మాటంటే పోయేదా?”

“నువ్వూ అనలేదు కదా,” అని, అయ్యాక పిలవమని చెప్పి పెరట్లోకి వెళ్ళిపోయాడు. తరవాత చాలాసేపు నూతి గిలక చప్పుడు వినబడింది. ఇంట్లో బిందెలన్నీ నిండే ఉన్నాయి.

టైము మూడున్నరయింది. తీసిపెట్టిన పొట్టు సగం ఉంది. ఫ్రిజ్‌లో మడిచిన పిండి కావలసినంత ఉంది. రేఖ కొబ్బరి కోరింది. నూట ఇరవైకీ చాలేలా పొట్టులో కలుపుదామంది. అలివేలుమంగ ఆవాల డబ్బా అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. డబ్బా రేఖ ముందుకి జరిపింది. రేఖ మేకు మీంచి చెంచాలు తీసింది. అవి ఒకదానికొకటి తగిలి గజ్జెల్లా మోగాయి. ఆమె కాపురానికి వచ్చాక ఆ వంటింట్లో ఏదీ కొలవడం అదే మొదలు.

రెండు చెంచాలు. రేఖ నూరింది. కూరలో కలిపి, చిటికెడు విడిగా తీసి నాలుక మీద వేసుకుంది. కొంచెం బెల్లం కావాలంది. అలివేలుమంగ బెల్లం తురిమి ఇచ్చింది. ఉప్పు చాలదంది. ఉప్పు అందించింది. పిండి మడవడం, కోయడం, అంచులు నొక్కడం ఆమె వేళ్ళకి ఇంకా తెలుసు. ఆ వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతూంటే, వేరెవరివో చూస్తున్నట్టు చూసింది.

కాల్చినంతసేపూ ఓవెన్ ముందు రేఖే నిలబడింది. “ఇప్పుడు వస్తున్నాది,” అంది ఒకసారి, వాసన గురించి. అలివేలుమంగ తలూపింది.

ఆరున్నరకి స్కూటీ వీధి మలుపు తిరిగింది. కూర్మనాథం నైవేద్యం పెట్టిన పఫ్ సగం విరిచి ఆమె చేతిలో పెట్టి, మిగతా సగం తను నోట్లో వేసుకున్నాడు. బాగుందనీ బాగులేదనీ అనలేదు. అలా అనడం ఆయనకి రాదు. కానీ వెళ్ళిపోకుండా, మింగి, ఆమె పక్కనే కూర్చున్నాడు.

ఆమె తన సగం నమిలింది. కరకర. మెత్తన. ఉప్పు. ఎక్కడో అడుగున ఆవ చిన్నగా, పొరుగింట్లో ఎవరో పిలిచినట్టు, తగిలీ తగలకుండా ఉంది. ఇంత చిన్న గొంతుతోనే అది అందరితోనూ మాట్లాడేదా అనుకుంది.

మర్నాడు పొద్దున్న ఫోను మోగింది. శైలజగారు. పది నిమిషాల్లో పళ్ళేలు ఖాళీ అయ్యాయట. ఇంకో పాతిక ఉంటే బాగుండేదట. మీ చెయ్యి మారదండీ, వచ్చే నెల మా తోటి లెక్చరరు ఇంట్లో కూడా మీరే చెయ్యాలి, నూట యాభై, అందావిడ.

రెండు నెలలుగా ఎదురుచూసిన మాట అది. అలివేలుమంగ ఫోను చెవికి ఆనించుకుని, పంపు దగ్గర వంగి కొలత చెంచాలు కడుగుతున్న కోడలివైపు చూసింది. గట్టు మీద పళ్ళెంలో నిన్నటి చేదు పఫ్‌లు అలాగే ఉన్నాయి, పారెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాక.

“రేఖని అడిగి చెప్తానమ్మా,” అంది.