ఎవరినీ పిలవని పేజీ

టీచరమ్మ పోయిందని మొన్న పొద్దున ఫోను వచ్చింది. చేసింది పాకాలలో ఆమె పక్కింటావిడ. "నిద్దట్లోనే పోయింది నాయనా, ఎవురినీ కష్టపెట్టలా. నీ నంబరు ఆమె పుస్తకంలో ఉండాది, అందుకని చేసినా" అంది. నేను చిత్తూరులో బస్సెక్కి వెళ్ళేసరికి పెట్టె మూసేశారు. సమాధి దగ్గర అందరూ ఆమె గురించి తలా ఒక మంచి మాట చెప్పారు. నన్నూ చెప్పమన్నారు. గొంతు బాగాలేదని తప్పించుకున్నాను. గొంతు బాగానే ఉంది. ఆమెకు నేను చేసిన పనొకటి ఉంది. అది చెప్పకుండా మంచి మాటలు చెప్పడానికి నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది ఉర్దూ మాట్లాడే ఇల్లు. లెక్కలు మాత్రం నాకు తెలుగులోనే వచ్చు. అది హైస్కూల్లో ఆమె పెట్టిన భిక్ష. రెండు వేల సంవత్సరం దాటిన ఐదారేళ్ళకు నేను పాకాల స్టేషను రోడ్డులో ఐదు కంప్యూటర్లతో నెట్ సెంటరు పెట్టాను. ఒకరోజు పదకొండు గంటలకు, అప్పటికే రిటైరైన టీచరమ్మ గొడుగు మడుచుకుంటూ లోపలికొచ్చింది. "దీంట్లో తెలుగు రాసేదానికి అయితాదంట కదా, నేర్పిస్తావా?" అని అడిగింది. నాకు త్రికోణమితి నేర్పిన మనిషికి నేను మౌసు పట్టుకోవడం నేర్పాను. అక్షరం తప్పు కొట్టినప్పుడల్లా తన చేతి మీద తనే చిన్నగా ఒకటి వేసుకునేది. మేం బడిలో ఆ దెబ్బలు తిన్నవాళ్ళమే కాబట్టి నాకు నవ్వొచ్చేది.

ఇంటర్నెట్టులో ఉచితంగా రాసుకునే పేజీ ఒకటి తెరిచిచ్చాను. ఆమె అందులో బైబిలును మొదటి నుంచి, అధ్యాయం తర్వాత అధ్యాయం, రేఖాగణితంలో సిద్ధాంతం రాసినట్టు రాసేది. ముందు దత్తాంశం: ఈ అధ్యాయంలో ఏం జరిగింది. తర్వాత సారాంశం: ఏం నిరూపించాలి. కింద ఉపపత్తి, అంటే నిరూపణ. అది తనకు కుదిరితే రాసేది. కుదరకపోతే "నా వల్ల కాలేదు" అని రాసి తర్వాతి అధ్యాయానికి పోయేది. ఒక్కోదానికి వారం పట్టేది. ఒక్కోరోజు రెండు వాక్యాలు కొట్టి, వాటిలో ఒకటి చెరిపేసి లేచిపోయేది.

"ఎవరు చదవాలని టీచరమ్మా ఇదంతా?" అని అడిగాను.

"ఎవురూ సదవాల్సిన పన్లేదు. లెక్క సేసుకునేటోళ్ళకి సప్పట్లెందుకు?"

"అట్లయితే నోటుబుక్కులో రాసుకోవచ్చు కదా?"

"నోటుబుక్కులో అయితే నన్ను నేను మోసం సేసుకుంటా. రాకపోయినా వచ్చినట్టు రాసేస్తా. ఎవురైనా సూసే వీలుండాల, నేను ఎవురినీ పిలవకూడదు. అప్పుడే నిజం రాస్తా" అంది.

ఆ మాట నాకు ఎక్కలేదు. పేజీ అడుగున ఎంతమంది చూశారో చెప్పే అంకె ఒకటుండేది. అది ఆమె చూసినప్పుడూ నేను చూసినప్పుడూ తప్ప కదిలేది కాదు. ఊరంతటికీ లెక్కలు నేర్పిన మనిషికి ఒక్క పాఠకుడు లేడే అని నాకు ఉక్రోషంగా ఉండేది. అప్పట్లో తెలుగు బ్లాగులన్నింటినీ వరసగా ఒకచోట చూపించే సైటొకటి ఉండేది. ఎవరి పేజీనైనా చేర్చమని ఎవరైనా పంపొచ్చు. ఆమెకు చెప్పకుండా ఆమె పేజీని పంపేశాను. గురుదక్షిణ చెల్లించినంత సంబరపడ్డాను కూడా.

సరిగ్గా ఆ వారమే ఆమె న్యాయాధిపతుల గ్రంథంలో యెఫ్తా కథ రాసింది. యుద్ధం గెలిస్తే నా ఇంటి గడపలోంచి ముందుగా ఎదురొచ్చేదాన్ని బలిస్తానని మొక్కుకున్నాడు ఆ తండ్రి. ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు. మొక్కు ప్రకారమే చేశాడు. ఆదివారాలు చర్చిలో పిల్లలకు తను నడిపే సండే స్కూల్లో టీచరమ్మ ఈ కథ చెప్పినప్పుడు ఒక పాప "ఆ బిడ్డ పేరేమి?" అని అడిగిందట. గ్రంథంలో పేరు లేదు. దత్తాంశంలో అదంతా రాసి, సారాంశంలో దేవుడు న్యాయవంతుడని చూపవలెను అని రాసి, ఉపపత్తి దగ్గర "నా వల్ల కాలేదు. ఆ పాపకు జవాబు చెప్పలేకపోయాను" అని కొట్టింది.

మూడు రోజుల్లో అంకె నాలుగు వందలు దాటింది. కామెంట్లు వచ్చాయి. సొంతవాళ్ళకే జవాబు తెలియదు చూడండి అని కొందరు వెక్కిరించారు. విశ్వాసం లేని ముసలిదని కొందరు తిట్టారు. ఎవరో ఆ పేజీని ప్రింటు తీసి తీసుకెళ్ళి చర్చి పెద్దల చేతిలో పెట్టారు. పేజీ అన్నా తీసేయాలి, ఇరవై ఏళ్ళుగా చెబుతున్న సండే స్కూలు క్లాసన్నా వదిలేయాలి, వచ్చే ఆదివారానికి తేల్చమన్నారు.

సోమవారం ఆమె వచ్చి కూర్చుంది. "ఇది యాడికి పోయింది నాయనా, వీళ్ళందరూ యాడినుంచి వచ్చినారు?" అని అడిగింది.

"ఇంటర్నెట్టు కదా టీచరమ్మా. ఎట్లనో ఎవరో సూసుంటారు" అన్నాను.

మంగళవారం వచ్చింది, ఏమీ రాయలేదు. బుధవారమూ అంతే. కామెంట్లను మొదటి నుంచి చివరిదాకా చదివేది, మళ్ళీ మొదటికెళ్ళేది. అడిగితే చెప్పేద్దామని రోజూ అనుకునేవాణ్ణి. ఆమె మళ్ళీ అడగలేదు. ఎవరైనా ప్రింటు అడిగితే ఉలిక్కిపడేవాణ్ణి.

శనివారం ఆమె పేజీని మొత్తంగా తీసేసే చోటు తనంతట తనే వెతికి పట్టుకుంది. నిజంగానే తొలగించాలా అని స్క్రీను అడుగుతోంది. బాణం గుర్తు అవునన్న మాట మీద ఉంది. నేను లేచి వెళ్ళి మౌసు మీద చెయ్యి పెట్టాను.

"మీ పేజీని బ్లాగుల సైటుకు నేనే పంపినా టీచరమ్మా. మీకు సెప్పకుండా."

ఆమె నా వైపు తిరిగింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది.

"మొదట్నించీ నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"ఆరు దినాలు నన్ను నేనే అనుమానించుకున్నా నాయనా. పేరు కోసరం నేనే ఎవురి కాడన్నా నోరు జారినానేమో అని. రాత్రీ పగలూ వెతుక్కున్నా నా లోపల." అంతవరకే అంది. తర్వాత కళ్ళజోడు తీసి పైట కొంగుతో తుడుచుకుని, బాణాన్ని వద్దన్న మాట మీదికి జరిపి నొక్కింది. ఆ సైటులోంచి తన పేజీని తీయించమంది. కామెంట్లు రాకుండా చేయమంది. రెండూ ఆ సాయంత్రమే చేశాను.

రేపు నేనొచ్చి పెద్దలకు చెబుతానన్నాను. "పంపిందెవురని వాళ్ళు అడగలా. ఎందుకు రాసినావని అడిగినారు. దానికి నేనే సెప్పాల" అంది.

అయినా వెళ్ళాను. చర్చి పక్క గది కిటికీ కింద, బయట నిలబడితే మాటలు వినబడుతున్నాయి. వాళ్ళూ చెడ్డవాళ్ళు కారు. పాస్టరుగారి గొంతు దాదాపు బతిమాలుతున్నట్టే ఉంది. "ఆ ఒక్క అధ్యాయం తీసేయండమ్మా, చాలు. మిగిలిందంతా ఉండనీండి. పిల్లలు చెదిరిపోతారు."

"అడిగింది పిల్లలే అయ్యగారూ" అంది టీచరమ్మ. "లెక్క రాలేదని పేజీ చించేసినోళ్ళను నేను ఎంతమందిని బెంచీ ఎక్కించినానో. ఇప్పుడు నేనే చించేదా?"

ఆమె బయటికొచ్చింది. సండే స్కూలు పిల్లల హాజరు పుస్తకం లోపలే ఇచ్చేసి వచ్చింది. నన్ను చూసి, "ఎండలో నిలబడినావేంది, ఇంటికి పో" అంది. ఆ పుస్తకం ఆమె చేతిలోంచి పోవడానికి కారణం నేను. ఆ సంగతి ఆమె మళ్ళీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను మాత్రం ఇప్పటికీ నన్ను నేను ఎత్తిపొడుచుకుంటూనే ఉన్నాను.

ఆ పేజీ ఇంకా ఉంది. చిరునామా మాత్రం అడగకండి. ఒకసారి చేసిన పని చాలు.

తర్వాతి ఆదివారం ఉదయం తొమ్మిదికి ముందే ఆమె మా ఇంటి తలుపు తట్టింది. "ఈ పూట సెంటరు తెరుస్తావా నాయనా? ఇంట్లో కూర్చోలేకుండా ఉండాను" అంది. తెరిచాను. అప్పటినుంచి సెంటరు మూసేసేదాకా ప్రతి ఆదివారమూ ఆమె ఒక్కదానికోసం తెరిచాను. తొమ్మిదింటికి చర్చిలో సండే స్కూలు గంట కొట్టేవారు. స్టేషను రోడ్డుదాకా వినబడేది. టైపు చేస్తున్న టీచరమ్మ వేలు కీబోర్డుకు జానెడు పైన అట్లాగే నిలిచిపోయేది. గంట ఆగేదాకా అది కదిలేది కాదు. ఆగాక ఆమె ఒకసారి గొంతు సవరించుకుని, ఆపిన మాటలో తర్వాతి అక్షరం కొట్టేది.